ఆ తల్లి ఇంటికి ఎవరు వెళ్తారు?

సంపాదకులకు నమస్కారం. వయోజనుల పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చినా, మన క్రైస్తవ సంఘాల్లో ఆ మాట ఎత్తడానికే జంకుతున్నారు. మా ఆరాధనలో ఏళ్ల తరబడి కీబోర్డు వాయించిన యువకుడు తన సంగతి సంఘ కాపరితో (పాస్టరుతో) చెప్పుకున్న మరుసటి ఆదివారం నుంచి ఆ కీబోర్డు మీద గుడ్డ కప్పే ఉంది. అతని తల్లి ప్రభురాత్రి భోజనానికి, అంటే యేసును స్మరిస్తూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి, ముందుకు రాక, వెనుక వరుసలోనే తలవంచుకుని కూర్చుంటోంది. వివాహం స్త్రీపురుషులదేనన్న బోధను మార్చకుండానే, ఇలాంటివారిని గౌరవంతో, కనికరంతో చేర్చుకోవాలని, అన్యాయమైన వివక్ష చూపరాదని కథోలిక సంఘ అధికారిక బోధనా గ్రంథమైన సత్యోపదేశం స్పష్టంగా చెబుతోంది. స్వలింగ సంబంధాలను తప్పుపట్టే మాటలున్న పౌలు లేఖను, బైబిల్లోని రోమా పత్రికను, చదివే నేనూ ఈ ప్రశ్న తేలికైనదని అనను. అయినా కాపరి, సంఘ పెద్దలు ఈ వారమే ఆ ఇంటికి వెళ్లి, ఆ తల్లీకొడుకులతో కలిసి ప్రార్థించాలని వేడుకుంటున్నాను.

— ఒక సంఘ సభ్యురాలు, గుంటూరు