నగల ఆట సరే, ఆడించేది ఎవరు?

సంపాదకుల వారికి,

గిరిజనుల పాత నగల మీద పిల్లలకు మళ్లీ ఆసక్తి రావాలంటే ఫోన్లో ఆడే ఆటలు తయారు చేయాలని కొందరు అంటున్నారు. చేయండి, కాదనను. కానీ తెర మీద బొమ్మను నిలబెట్టి, వేలితో లాగి మెడలో దండ, కాళ్లకు కడియాలు తొడిగితే వంద పాయింట్లు ఇచ్చే ఆట అయితే మాత్రం వద్దు. అది ఇంకో ఫ్యాన్సీ షాపే.

గదబ తెగ ఆడవాళ్ల చెవులకు ఇత్తడి తీగ చుట్టలు భుజాల దాకా వేలాడేవి. ఒడిశా కొండల్లో సవర తెగలోనే ఒక శాఖ అయిన లాంజియా సవరల ఆడవాళ్లు చెవి తమ్మెలు సాగదీసి చెక్క బిళ్లలు పెట్టుకునేవారు. రెండూ "ట్రైబల్ లుక్" అని ఒకే గంపలో పోసేస్తే ఎవరు సవరో ఎవరు గదబో పిల్లలకేం తెలుస్తుంది? ఏ నగ ఎవరిదో, ఎప్పుడు పెట్టుకుంటారో కనుక్కోవడమే ఆటలో చిక్కుముడి కావాలి. చేతిపని కూడా ఉండాలి. ఇత్తడి తీగను కాల్చకుండా పదేపదే వంచితే గట్టిపడి విరుగుతుంది, మరీ కాలిస్తే కరిగిపోతుంది, ఆ మధ్య వేడి పట్టుకోవడం ఎంత కష్టమో రెండు తీగలు పోగొట్టుకున్న పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదొక్కటి సరిగ్గా చేసినా చాలు, మిగతా హంగులు లేకపోయినా పర్వాలేదు.

ఇవన్నీ ఏసీ గదిలో కూర్చుంటే తెలియవు. అలాస్కాలో ఇనూపియట్ అనే ఆదివాసుల పెద్దలను, కథలు చెప్పేవాళ్లను కూర్చోబెట్టుకుని 2014లో "నెవర్ అలోన్" అనే వీడియో గేమ్ తీసుకొచ్చారు, అందులో కథ చెప్పే గొంతు కూడా వాళ్ల భాషలోనే వినిపిస్తుంది. అంత దూరం ఎందుకు, మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరలను ఇంట్లో పెట్టుకుని మరీ వాళ్ల భాష నేర్చుకున్నారు, నిఘంటువు రాశారు. సెల్ ఫోన్లు లేని రోజుల్లో!

డబ్బు మాట కూడా ముందే తేలాలి. గూడెంలో అవ్వ మెడలోని దండకు ఫొటో తీసుకుని ఆటలో పెట్టి సంపాదించుకుంటే అందులో ఆమెకు, ఆ ఊరికి వాటా రావాలి, ఆ నగ కొనాలనుకున్నవాళ్లు నేరుగా చేసేవాళ్లకే ఆర్డర్ ఇచ్చే దారీ ఆటలోనే ఉండాలి.

సవర గూడేలున్న సీతంపేట 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, మందస, మెళియాపుట్టి సవర గూడేలు శ్రీకాకుళంలోనే ఉన్నాయి. ఇది ఏ జిల్లా పని అని అధికారులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా, ముందు ఆశ్రమ పాఠశాలల పిల్లల చేత వాళ్ల అవ్వల మాటలు, నగలు రికార్డు చేయించమని కోరుతున్నాను. ఆట తయారవడానికి ఏడాది పట్టినా పట్టనీండి.

– ఒక పాఠకురాలు,
పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా