కొబ్బరికాయను దింపుతాం గానీ కోయం

అంబాజీపేట

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం చేరి మూడు వారాలైంది. జవాబు రాయనందుకు ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టుకునే ఉంటావు. ఈ ‘తిట్టుకునే ఉంటావు’ అన్న మాటను ఇంగ్లీషులో ‘మస్ట్ హావ్’తో చెప్పాలని మా అమ్మాయి నిన్న రాత్రే నాకు పాఠం చెప్పింది. ఆలస్యానికి కారణమూ ఆ పాఠాలే. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల ‘నా ఆశయం’ అన్న విషయం మీద ఇంగ్లీషులో మాట్లాడటం సాధన చేస్తోంది. రోజూ దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూర్చుని ఊరికే వినడం మొదలుపెట్టిన నేను, ఇప్పుడు పలకా బలపం పట్టిన విద్యార్థినైపోయాను.

డిగ్రీ అయిన ఏడాది రాజమండ్రిలో ఒక ఇంటర్వ్యూకి వెళ్ళి, ‘ఐ కెన్ ఏబుల్ టు మేనేజ్’ అని ఛాతీ విరుచుకుని చెప్పి వచ్చాను, గుర్తుందా? వాళ్ళెందుకు నవ్వారో, బయట బెంచీ మీద కూర్చున్న నీకూ తెలియలేదు, లోపల కూర్చున్న నాకూ తెలియలేదు. ‘కెన్’లోనే మన ‘గలను’ ఉంది. దానికి ‘ఏబుల్ టు’ కూడా తగిలిస్తే ‘చేయగలగగలను’ అన్నట్టు అవుతుందని మా అమ్మాయి చెప్పగానే, ఇన్నేళ్ళ తరువాత నాకు కూడా నవ్వు వచ్చింది.

అయితే ‘ఏబుల్ టు’కు దాని చోటు దానికి ఉందట. దవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది కదా. దాని గురించి రాస్తూ నేను ‘కాటన్ కుడ్ ఫినిష్’ అన్నాను. ‘కుడ్’ గతంలో ఉన్న సామర్థ్యాన్ని మాత్రమే చెబుతుందనీ, ఒకసారి పూనుకుని నిజంగా సాధించిన పనికి ‘వాజ్ ఏబుల్ టు’ గానీ ‘మేనేజ్డ్ టు’ గానీ వాడాలనీ ఆమె దిద్దింది. కాలువ తవ్వే శక్తి ఉండటం వేరు, ఆ కాలువలో నీళ్ళు పారించడం వేరు కాబట్టి ఈ తేడా డెల్టావాడికి ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

బడిలో మనకు ‘మస్ట్’ అంటే ‘చేయవలెను’ అని చెప్పి వదిలేశారు. దాన్ని కాదంటే అర్థం ఎటు పోతుందో చెప్పలేదు. ‘మస్ట్ నాట్’ అంటే కూడదు, ‘డోంట్ హావ్ టు’ అంటే అక్కర్లేదు. తెలుగులో ఏనాడూ తికమకపడని ఈ రెండింటినీ ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఎందుకు కలిపేశామో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ‘యూ మస్ట్ నాట్ గివ్ అప్’ అంటే ఆశ వదులుకోకూడదని, ‘యూ డోంట్ హావ్ టు బికమ్ ఎ డాక్టర్’ అంటే డాక్టరువి కానక్కర్లేదని. మన వైపు తల్లిదండ్రులకు ఈ రెండో వాక్యం నోరు తిరగదు, అది వేరే సంగతి.

నాకు ఎక్కువ రుచించినవి మాత్రం కొలొకేషన్లు, అంటే ఏ మాట ఏ మాటతో జతకడుతుందన్న సంగతి. మనం పువ్వులు కోస్తాం, కొబ్బరికాయలు దింపుతాం, గుడిలో కాయ కొడతాం, వంటింట్లో కొబ్బరి కోరుతాం. కొబ్బరికాయలు కోశానని ఎవరైనా అంటే కోనసీమవాడు కాదని ఇట్టే పట్టేస్తాం గానీ, అందులో వ్యాకరణం తప్పేమీ లేదు. ‘యాంబిషన్’ సంగతీ అంతే. దాన్ని ‘ఫుల్‌ఫిల్’ చేస్తారు, ‘అచీవ్’ చేస్తారు, ‘రియలైజ్’ చేస్తారు, కానీ ‘డూ’ చేయరు, ‘కంప్లీట్’ చేయరు. లోలోపల రగిలేదైతే ‘బర్నింగ్ యాంబిషన్’, చిరకాలంగా ఉన్నదైతే ‘లైఫ్‌లాంగ్ యాంబిషన్’. ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకుంటే ‘హార్బర్’ చేయడమట. పడవకు రేవులో చోటిచ్చినట్టు కోరికకు మనసులో చోటివ్వడం ఎంత అందమైన ఊహో చూడు. మనకు ఆశయం, అత్యాశ అని వేరువేరు మాటలు ఉన్నాయి. వాళ్ళకు తరచుగా ఒక్క ‘యాంబిషన్’తోనే పని జరిగిపోతుంది కనుక, అది మంచిదా చెడ్డదా అన్నది ముందున్న విశేషణం చూసి తేల్చుకోవాలి.

మొన్న మా అమ్మాయి నోటుపుస్తకంలో ‘ఐ విల్ బికమ్ ఎ వెటర్నరీ డాక్టర్’ అని రాసి, ‘విల్’ కొట్టేసి ‘వుడ్ లైక్ టు’ అని దిద్ది, దాని కింద ‘ఐ మైట్ నాట్ గెట్ ఎ సీట్ దిస్ ఇయర్’ అని చేర్చింది. ఆ రెండో వాక్యం ఎందుకమ్మా, వినేవాళ్ళకు ధైర్యం లేదనిపిస్తుందేమో అన్నాను. ‘సీటు రాకపోవచ్చు నాన్నా, అబద్ధం రాయమంటావా?’ అని నా వంకే చూసింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ వాక్యాన్ని అలాగే ఉంచాం.

నువ్వు ఒకప్పుడు రేడియోలో వార్తలు చదవాలని కలలు కనేవాడివి, రావులపాలెం బస్సులో నిలబడి నన్ను శ్రోతను చేసి చదివేవాడివి. ఈసారి ఉత్తరంలో ఆ సంగతి మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం రాసి పంపు. ‘చదివి ఉండగలిగేవాణ్ణి’ అన్నట్టు ‘ఐ కుడ్ హావ్’ అని మొదలుపెడతావో, ‘ఇప్పటికైనా చదువుతానేమో’ అన్నట్టు ‘ఐ మైట్ స్టిల్’ అని మొదలుపెడతావో చూడాలని మా ఇంట్లో ఇద్దరమూ పందెం వేసుకున్నాం.

ఇట్లు,
నీ మిత్రుడు