గోలెం రుద్దాను

అంబాజీపేట,
జూలై 14

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. "మా హాస్టల్లో ఎవరికీ జ్వరం లేదమ్మా, ఇంక దోమకి డెంగీ ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నావు. ఆశా పనిలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకునేదాన్ని.

వేసవిలో కాలువ కట్టేశారని పెరట్లో గోలెం నింపుకున్నాం కదా. కాలువ వదిలాక ఆ నీళ్లు పారబోసి అలాగే వదిలేశాను. నెల దాకా ఎండింది. మొన్నటి ముసురుకి అందులో జానెడు నీళ్లు చేరాయి. నాలుగో రోజు చూద్దును కదా, తోకలు పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతున్న పురుగులు! నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. ఊరంతా తిరిగి డ్రమ్ములు బోర్లించమని చెప్పేదాన్ని, నా పెరట్లోనే ఇదీ! మీ నాన్నగారు నవ్విన నవ్వు చెప్పక్కర్లేదు.

వేసవిలోనే దోమ వచ్చి గోలెం లోపలి గోడకి, నీటికి కాస్త పైన, గుడ్లు అంటించి పోయిందన్నమాట. చూస్తే మసి అంటినట్టే ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. వారం పది రోజుల్లో రెక్కలొచ్చేస్తాయి. తల్లిదోమలో డెంగీ వైరస్ ఉంటే కొన్ని గుడ్లకీ అది దిగుతుంది. అన్నిటికీ కాదులే, చాలా కొద్దివాటికి. ఎక్కువగా జబ్బు అంటించేది జ్వరమొచ్చిన మనిషిని కుట్టిన దోమే. కానీ ఆ కొద్ది పిల్లల్లో ఒకటి పెరిగిందనుకో, ఏ రోగినీ కుట్టకుండానే నీకు ఎక్కించగలదు.

మన కోనసీమలో దోమంటే మురుగు కాలువే గుర్తొస్తుంది, బోదకాళ్లు చూసిన కళ్లు మరి. ఇది ఆ దోమ కాదు. కాళ్ల మీద తెల్లచారలుంటాయి, ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలోనే పెరుగుతుంది, పట్టపగలే కుడుతుంది. మీ కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే దానికి చాలు. వారానికోసారి నీళ్లు పారబోసి లోపలి గోడ గట్టిగా రుద్దు. ఉత్తినే పారబోస్తే నా గోలెం కథే.

జ్వరం తగిలితే పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి బిళ్లా వేసుకోకుండా రక్తపరీక్ష చేయించుకో. జ్వరం తగ్గిందని సంబరపడకు. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లు, నాకు ఫోన్ తర్వాత చేద్దువుగాని.

ఆదివారం నాన్నగారు వస్తున్నారు. పూతరేకుల డబ్బా కింద కొబ్బరి పీచు చుట్ట పెట్టాను. గిన్నెలకి కాదు, కూలరుకి.

అమ్మ