గేటు దగ్గరే ఆగిపోతున్న అద్దె చట్టం

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు విశాఖపట్నం నుంచి ఒక అద్దెదారు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

నేను మధురవాడలో ఉద్యోగం చేస్తున్నాను. నేనూ, నాతో కలిసి ఉంటున్న వ్యక్తీ ముప్పై దాటినవాళ్లం, ఇద్దరికీ నెలజీతాలున్నాయి, పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది ఈ లేఖకు అవసరం లేదు. ఇల్లు అద్దెకిచ్చే వారికీ అవసరం లేదన్నదే మా మనవి.

గత వేసవిలో ఎం.వి.పి. కాలనీ మొదలుకొని పీఎం పాలెం, కొమ్మాది వరకు ఆరు ఆదివారాలు టులెట్ బోర్డుల వెంట తిరిగాం. ‘ఫ్యామిలీకి మాత్రమే’ అన్నచోట మేము ఫ్యామిలీ కాదు, బ్యాచిలర్లకు ఇచ్చేచోట ఆడ, మగ కలిసి ఉండకూడదు. ఒక ఇంట్లో పెద్దావిడ మంచినీళ్లిచ్చి, వంటగది గట్టు, మోటారు వేసే వేళలు, బట్టలారేసుకునే మేడ అన్నీ ఓపికగా చూపించి, అడ్వాన్సు మాట దాకా వచ్చాక నా మెడ వైపు చూసి ‘మెళ్లో ఏం లేదేటమ్మా?’ అన్నారు. ఉన్న సంగతి చెప్పాం. ఆవిడ కోప్పడలేదు. ‘మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్తాన్లే’ అన్నారు, ఆ ఫోన్ రాలేదు. మరోచోట శుభలేఖ ఫొటో పంపమన్నారు. నల్లపూసలు కొనుక్కుని పని కానిచ్చేయమని మా బ్రోకరు సలహా ఇచ్చాడు. అతని అనుభవంలో అది చాలామందికి పనికొచ్చిన ఉపాయమేనట.

చివరికి ఒక పోర్షన్‌ను నాతో ఉంటున్న ఆయన ఒక్కరి పేరు మీద, నోటిమాటతో తీసుకున్నాం. నాలుగో నెలలో విషయం తెలిసిన ఓనరు వారంలో ఖాళీ చేయమన్నారు. మూడు నెలల అడ్వాన్సులో ఒక నెలది మాత్రమే తిరిగి వచ్చింది. కాగితం లేదు కనుక అడగడానికి మాకు నోరు లేదు.

పెళ్లి కాని వయోజనులు కలిసి జీవించడం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో నటి ఖుష్బూ కేసులో స్పష్టంగా చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం అంతకు ముందే, వివాహం వంటి బంధంలో ఉన్న స్త్రీకి, ఇల్లు ఎవరి పేరున అద్దెకు తీసుకున్నదైనా సరే, అందులో ఉండే హక్కునిచ్చింది. అంటే ఉన్న ఇంట్లోంచి నాతో ఉంటున్న వ్యక్తి నన్ను గెంటివేయకుండా కాపాడే చట్టం ఉంది కానీ, ఆ ఇంట్లోకి నన్ను రానిచ్చే చట్టం లేదు. రాజ్యాంగంలో వివక్షను నిషేధించే 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ల గురించి చెప్పింది గాని సొంత ఇంటి గేటు దాకా రాదు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసి, నివాసాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. మంచిదే. కానీ అదంతా సంతకమయ్యాక మాట, మా కథ సంతకం దాకా రాదు.

అదే నమూనా చట్టంలో అద్దెదారును ఖాళీ చేయించదగిన కారణాల్లో ఇంటి దుర్వినియోగం ఒకటి, అందులో ‘అనైతిక’ ప్రయోజనాలకు వాడటాన్నీ చేర్చారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఎక్కడా విప్పలేదు. మాలాంటివారి మీద మొదట పడేది ఆ ఒక్క మాటే. ఓనర్ల భయాన్ని నేను కొట్టిపారేయను: రేపు అమ్మాయి తల్లిదండ్రులు వచ్చి గేటు ముందు గొడవ చేస్తే వీధిలో తలవంచుకోవలసింది వారే, పోలీసులు పిలిస్తే తిరగవలసిందీ వారే. అందుకే వారికి నీతులు చెప్పడం కన్నా ప్రభుత్వం నుంచి ఒక కాగితం చూపించడం మేలు.

కాబట్టి రాష్ట్ర అద్దె నిబంధనల్లో, వయోజనులు ఇష్టపూర్వకంగా కలిసి నివసించడం అనైతిక వినియోగం కిందికి రాదని ఒక్క వాక్యం చేర్పించండి. మీ శాఖ తయారు చేసే నమూనా ఒప్పంద పత్రంలో ఇద్దరు అద్దెదారుల పేర్లకు చోటుంచి, వారి మధ్య బంధుత్వం అడిగే గడిని తీసివేయించండి. పెళ్లి కాలేదన్న కారణంతో ఎవరినీ వెళ్లగొట్టవద్దని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ద్వారా తెలియజేయించండి. ఇప్పుడున్న ఇల్లు కూడా మేము వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఈ ఆదివారం ఇసుకతోట వైపు చూడబోతున్నాం.

భవదీయురాలు,
మధురవాడ, విశాఖపట్నం