సాయిబాబా కేసులో లాయర్ ఉత్తరాల సంగతి కూడా రాయండి

సంపాదకులు గారికి,

మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో జైలుకెళ్లిన ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారి గురించి మీ పేపర్లో అప్పుడప్పుడు వస్తూనే ఉంది కానీ ఆయన కేసు వాదించిన లాయర్ గురించి పెద్దగా రాయట్లేదు, అదే నా బాధ. 2017 మార్చి 7న మహారాష్ట్రలోని గడ్చిరోలి సెషన్స్ కోర్టు 827 పేజీల తీర్పిచ్చి, 90 శాతం వైకల్యంతో వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషికి యావజ్జీవం వేసింది, అదీ చాలదన్నట్టు రాసింది. అక్కడ ఆయన తరఫున వాదించిన సురేంద్ర గాడ్లింగ్ గారిని 2018 జూన్‌లో భీమా కోరేగావ్ కేసులో (పుణె దగ్గర 2018 జనవరిలో జరిగిన అల్లర్ల కేసు) అరెస్ట్ చేశారు. లాయరే లోపలుంటే ఖైదీ ఎవరికి రాసుకోవాలండీ?

లాయరుకీ క్లయింటుకీ మధ్య మాట బయటికి రాకూడదని పాత ఎవిడెన్స్ యాక్ట్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 126లో ఉంది, దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 132లోనూ ఉంది. కానీ జైలు నుంచి వెళ్లే ఉత్తరం అధికారులు విప్పి చదివితే ఆ సెక్షన్ కాగితం మీదే కదా. మందులు అందట్లేదని, ఒంట్లో ఎలా ఉందో, అప్పీల్లో ఏ పాయింట్ ఎత్తాలో అన్నీ అందులోనే రాసుకోవాలి పాపం.

2020లో తల్లి చనిపోతే పెరోల్ కూడా ఇవ్వలేదు. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు నిర్దోషి అంది, అక్టోబర్‌లో హైదరాబాద్ నిమ్స్‌లో పోయారు. ఆయన మా అమలాపురం వాడు. లాయర్ ఉత్తరాలు జైల్లో విప్పకూడదని రూల్ గట్టిగా పెట్టాలి, దాని మీద మీరు ఒక ఎడిటోరియల్ రాయండి సార్.

– ఒక పాఠకుడు, అమలాపురం