10 ఉండాల్సిన చోట 2

సంపాదకుల వారికి,

మా బావమరిది వారానికి మూడుసార్లు వింజమూరు నుంచి బస్సెక్కి నెల్లూరులో ఒక ప్రైవేటు సెంటర్లో డయాలసిస్ చేయించుకుంటాడు. మొదట్లోనే, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ సోకకుండా టీకాలు వేశారు. ఫైల్లో ప్రతి డోసు పక్కన టిక్కు, కింద ‘పూర్తి’ అని రాసి ఉంది. అది చూసి మేమూ ధీమాగా ఉన్నాం.

ఈమధ్య నర్సింగ్ చదివే మా అమ్మాయిని యాంటీబాడీల టైటర్ పరీక్ష (టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో అంకెలో చెప్పేది) చేయించుకోమన్నారు. వెంట ఉన్నాడు కదా అని వాళ్ల మామయ్య చేత కూడా రక్తం ఇప్పించింది. అమ్మాయికి 1000 దాటింది. మామయ్యకు 2. రక్షణకు కనీసం 10 ఉండాలట.

టీకా మంచిది కాదేమోనని నేను ల్యాబులోనే గొంతు పెంచాను. తప్పు నాదే. ఒకే టీకా అందరి ఒంట్లో ఒకేలా పనిచేయదని డాక్టరు గారు చెప్పాక తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో నూటికి 90 మందికి పైగా యాంటీబాడీలు చాలినంత వస్తాయి. 40 దాటాక ఆ లెక్క తగ్గుతూ, 60 ఏళ్లకు 75కు దిగుతుంది. ఆడవాళ్లకంటే మగవాళ్లకు తక్కువ. సిగరెట్లు, లావు, షుగరు కూడా దెబ్బతీస్తాయి. టీకాలోని వైరస్ ముక్కను రక్షణ కణాలకు పట్టి చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు కొందరిలో ఈ టీకాకు అనుకూలించవు. ఇక కిడ్నీలు చెడిన ఒంట్లో రక్షణ కణాలే మందగిస్తాయి. అందుకే డయాలసిస్ వాళ్లకు డబుల్ డోసు ఇస్తారు. సూది జబ్బకు కాక పిర్రకు వేసినా ఫలితం తగ్గుతుంది. ఎక్కడ వేశారని అడిగితే మావాడికి గుర్తే లేదు!

ఇది చదివి అందరూ ల్యాబులకు పరుగెత్తనక్కర్లేదు. ఆరోగ్యవంతుడికి ఒకసారి టీకా పట్టిందంటే, తర్వాత అంకె పడిపోయినా కణాల జ్ఞాపకం కాపాడుతుంది. డయాలసిస్ వాళ్లకు ఆ భరోసా లేదు. పైగా ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతికి ఉంటుంది. వాళ్లేమో వారంలో మూడు రోజులు ఆ మిషన్ల మధ్యే గడపాలి.

1997లో శాంతా బయోటెక్నిక్స్ ద్వారా ఈ టీకాను సామాన్యుడికి అందే ధరకు తెచ్చిన వరప్రసాద్ రెడ్డి గారు మన నెల్లూరు జిల్లా వారే. అలాంటి జిల్లాలో టీకా వేసి వదిలేస్తే ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారులకు నా మనవి ఒక్కటే. సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రతి డయాలసిస్ సెంటర్లో టీకా కోర్సు అయిన నెల, రెండు నెలల్లోపు టైటర్ చూడాలి. ఆ తర్వాత ఏడాదికోసారి చూసి, 10 కంటే తగ్గితే బూస్టర్ ఇవ్వాలి. ఫైల్లో టిక్కు బదులు ఆ అంకె రాయాలి. పరీక్ష ఖర్చు రోగి నెత్తిన వేయకూడదు. వారానికి మూడుసార్ల బస్సు చార్జీలకే వాళ్లు అల్లాడుతున్నారు.

మావాడికి మళ్లీ మొదటి నుంచి కోర్సు మొదలుపెట్టారు. మంగళవారం రెండో డోసు. జబ్బకే వేయించుకోమని మా అమ్మాయి పదేపదే చెప్పి పంపుతోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వింజమూరు, నెల్లూరు జిల్లా