ఇంటి దగ్గర చరిత్ర చదువు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

గంజాం, గజపతి జిల్లాల్లో పిల్లల్ని ఇంటి దగ్గరే చదివించుకుంటున్న తెలుగు కుటుంబాల సంఘంగా ఈ ఏడాది మనం పెట్టుకున్న పని ఒకటే. చరిత్రను ప్రశ్న–జవాబుల పాఠ్యపుస్తకంతో కాకుండా, విషయం తెలిసిన రచయిత మనసుపెట్టి రాసిన నిండు పుస్తకాలతో చెప్పడం. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) నిలబెట్టిన ఈ పద్ధతికి కాళ్లు రెండు. పుస్తకం ప్రాణమున్నదై ఉండాలి. చదివినదాన్ని పిల్లలు పుస్తకం మూసి సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. మన ఇళ్లలో మొదటిది చాలావరకు కుదిరింది. తడబాటంతా రెండోదాని దగ్గరే కనిపిస్తోంది కాబట్టి ఈ నివేదికలో దానికే ఎక్కువ చోటిచ్చాం.

తిరిగి చెప్పించడం

పాఠం చిన్నదిగా ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు చదవడం, చెప్పడం కలిపి పదిహేను నిమిషాలు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఇరవై. ఆపైన అరగంట. ఆరేళ్లు నిండని పిల్లల చేత పని కట్టుకుని చెప్పించకూడదు, వాళ్లంతట వాళ్లు చెబితే విని సంతోషించాలి.

ముందుగా, కిందటిసారి ఎక్కడ ఆపామో పిల్లల చేతనే రెండు వాక్యాల్లో చెప్పించాలి. ఈ పూట రాబోయే కొత్త పేర్లు పలక మీద రాయాలి, నాలుగుకు మించకూడదు. ఊళ్లుంటే పటంలో వేలుపెట్టి చూపించాలి. తర్వాత రెండు మూడు పేజీలు నిదానంగా, ఒక్కసారే చదవాలి. అర్థం కాలేదని మళ్లీ మొదటి నుంచి చదివితే, రెండోసారి ఎలాగూ వస్తుందని పిల్లలు మొదటిసారి వినడం మానేస్తారు. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడానికి నెలలు పడుతుంది. చదివాక పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనాలి. అంతే. చెబుతున్నంతసేపూ మధ్యలో మాట అందివ్వకూడదు, తప్పు దిద్దకూడదు. తారీఖు తప్పు చెప్పినా, పేరు తారుమారు చేసినా చివరిదాకా వినాలి. దిద్దడం, చర్చించడం, "నీకేమనిపించింది" అని అడగడం అన్నీ ఆ తర్వాతే.

ఈ ఏడాది సభ్యుల ఇళ్ల నుంచి ఎక్కువగా వచ్చిన ఇబ్బందులు ఇవి.

పిల్లాడు నోరు విప్పడు. నూటికి తొంభైపాళ్లు అది బద్ధకం కాదు, చదివిన భాగం పొడవెక్కువై ఉంటుంది, లేదా అందులో పేర్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక్క పేరాకు తగ్గించండి. వారం రోజులు పేరాతో నడిపి, తర్వాత పేజీకి వెళ్లండి.

పెద్దవాడు గడగడా చెప్పేస్తాడు, చిన్నది "అన్న చెప్పేశాడుగా" అని ఊరుకుంటుంది. ఎప్పుడూ చిన్నవాళ్లతోనే మొదలుపెట్టించండి. పెద్దవాడు విడిచిపోయినవి కలపాలి.

పుస్తకంలోని వాక్యాలే అప్పజెప్పినట్టు వస్తాయి. ఇంగ్లిషు పుస్తకాల దగ్గర ఇది మరీ ఎక్కువ. మందు సులువు: ఏ భాషలో చదివినా చెప్పడం తెలుగులోనే. ఒడియా మాటలు కలిసే మన బరంపురం తెలుగైనా సరే. ఇంట్లో మాట్లాడే భాషలోకి మార్చాలంటే ముందు అర్థం కావాలి, కాబట్టి వల్లెవేత అక్కడే ఆగిపోతుంది. రాతలో చెప్పడం పదేళ్ల తర్వాత, వారానికి ఒక్కసారితో మొదలుపెట్టాలి.

ఇక పాఠం చివర నీతి చెప్పే అలవాటు. "చూశావా, అందుకే కలిసి ఉండాలి" అని తల్లో తండ్రో అనగానే పిల్లలు కథను వదిలి ఆ వాక్యాన్ని పట్టుకుంటారు. మరునాటి నుంచి ఏం చదివినా అదే చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి.

పుస్తకాల పెట్టె

పుస్తకం కొనేముందు మూడు పేజీలు పైకి చదివి చూడండి. అందులో ఒక మనిషి ఏదో ఒక పని చేస్తూ కనిపించాలి. రాజుల పేర్లు, సంవత్సరాలు, "పరిపాలన, సాంఘిక పరిస్థితులు" అనే ఉపశీర్షికలు మాత్రమే కనబడితే అది ఎంత అందంగా అచ్చయినా పాఠ్యపుస్తకమే. సంక్షిప్తాలు కూడా వద్దు. పిల్లలకు గుర్తుండే చిన్న చిన్న వివరాలే సంక్షిప్తం చేసేటప్పుడు ముందుగా ఎగిరిపోతాయి.

ఇంగ్లిషు హోమ్‌స్కూల్ జాబితాలను యథాతథంగా తెప్పించుకోవద్దని మా గట్టి అభిప్రాయం. 1905లో వచ్చిన 'అవర్ ఐలండ్ స్టోరీ' చక్కగా చెప్పిన బ్రిటన్ కథే, కానీ అది బ్రిటిష్ పిల్లల కోసం రాసింది. చరిత్రలో మొదటి పుస్తకంగా అదే చదివిన పిల్లలు "మనవాళ్లు గెలిచారు" అంటారు, ఎవరు మనవాళ్లో తెలియకుండానే. పన్నెండేళ్ల తర్వాత, మన కథ తెలిశాక చదివితే నష్టం లేదు.

ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లకు నెహ్రూ 1928లో పదేళ్ల ఇందిరకు రాసిన ఉత్తరాలు బాగా నడిచాయి. ఉత్తరం చిన్నది, ఒక పూటకు ఒకటి సరిపోతుంది. జాతుల గురించి రాసిన చోట్ల ఆనాటి అవగాహనే ఉంది కాబట్టి పెద్దవాళ్లు ముందుగా చదివి పెట్టుకోవాలి. పన్నెండు దాటినవాళ్లకు వీరేశలింగం గారి స్వీయచరిత్రము, ప్రకాశం గారి నా జీవితయాత్ర. రెండింటిలోనూ మొదటి అధ్యాయాలతో, అంటే చిన్ననాటి భాగాలతో మొదలుపెట్టండి. తర్వాతి భాగాల్లో వచ్చే సంస్థల, వ్యక్తుల పేర్ల జోరు పిల్లలకు ఆదిలోనే తగిలితే పుస్తకం మూతపడుతుంది.

కొమర్రాజు లక్ష్మణరావు గారి శివాజీ చరిత్రము వంటివి గ్రాంథికంలో ఉన్నాయని పక్కన పెట్టిన ఇళ్లున్నాయి. పక్కన పెట్టనక్కర్లేదు. చదివే పెద్దవాళ్లు ముందురోజు పెన్సిలుతో సంధుల దగ్గర చిన్న గీత గీసుకుని, ఊపిరి ఆపాల్సిన చోట రెండు గీతలు పెట్టుకుంటే పిల్లలకు వినడం కష్టం కాదు. తాతయ్యలు, అమ్మమ్మలు చదివిన ఇళ్లలో ఈ పుస్తకాలు అన్నిటికంటే బాగా సాగాయి. ఈ గడ్డ మీద ఆ ధైర్యం ఉండాలి కూడా: వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరింది చరిత్ర అయ్యవారిగానే.

కాశీయాత్ర చరిత్ర

ఏడాది పొడుగునా సామూహికంగా చదివింది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట మరొకరి భాషలో చెప్పేవాడిగా పనిచేసిన ఈయన 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె గారికి రాసి పంపినవే 1838లో పుస్తకమయ్యాయి. రైళ్లు లేని దేశం, బోయీలు మోసే పల్లకీ, సత్రాలు, బజారులో దొరికేవి, దొరకనివి, నది దాటడానికి పడ్డ పాట్లు అన్నీ కంటితో చూసినవే. తిరుగు ప్రయాణం కలకత్తా నుంచి జగన్నాథం మీదుగా మన గంజాం సీమలోంచి సాగుతుంది. పిల్లలకు తెలిసిన ఊళ్ల పేర్లు పుస్తకంలో కనబడగానే వాళ్ల వినికిడే మారిపోతుంది. అందుకే మొదటి పేజీ నుంచి కాకుండా ఈ తిరుగు దారి నుంచి మొదలుపెట్టమని సిఫారసు చేస్తున్నాం.

చదివే తీరు ఇలా పెట్టుకున్నాం. ఒక పూటకు ఒక మజిలీ, లేదా రెండు. గోడ మీద తూర్పు తీరం పటం, దాని మీద గుండుసూదులు, దారం. ఆమడ అంటే సుమారు 8 మైళ్లు, దాదాపు 13 కిలోమీటర్లు. ప్రాంతాన్ని బట్టి కొంత మారేది కాబట్టి పటంలో కొలిచిన దూరంతో సరిగ్గా కలవకపోతే పిల్లలు తప్పు చేసినట్టు కాదు. గడియ అంటే 24 నిమిషాలు. ఈ రెండు లెక్కలూ పలక మీద ఉంచుకోవాలి. నడుమ వచ్చే వేదాంత చర్చలను చదివే పెద్దవాళ్లు మొత్తంగా దాటేయవచ్చు. ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తే మాత్రం రచయిత గొంతు తెగిపోతుంది.

శతాబ్దాల పుస్తకం

పదేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ ఒక శతాబ్దాల పుస్తకం మొదలైంది. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, గట్టి అట్టది. తెరిస్తే ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు ఒక శతాబ్దానికి. ఎడమవైపు మనుషులు, సంఘటనలు ఒక్కో గీతలో. కుడివైపు ఆ కాలపు నాణెం, దీపం, ఆయుధం, గుడి శిఖరం లాంటి బొమ్మ. బొమ్మ పిల్లలే వేయాలి. ప్రింటు తీసి అతికించిన పేజీ ఎవరికీ గుర్తుండదు. నిండలేదని కంగారు పడవద్దు, ఇది పదిహేడేళ్ల దాకా నడిచే పుస్తకం.

తారీఖుల దగ్గర జరిగే పొరపాట్లు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని 17వ శతాబ్దంలో రాస్తారు, అది 18వ శతాబ్దం. క్రీ.పూ. నుంచి క్రీ.శ.కు లెక్కేసేటప్పుడు సున్నా సంవత్సరం ఉందనుకుంటారు. అది లేదు కనుక క్రీ.పూ. 261 నుంచి క్రీ.శ. 2025కి 2285 ఏళ్లు, 2286 కాదు. శకాబ్దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని నేర్పుతాం, అయితే శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది. కళింగాన్ని ఏలిన గంగరాజు అనంతవర్మ చోడగంగుడి పట్టాభిషేకం శకం 999. 78 కలిపితే 1077 వస్తుంది, కానీ అది జరిగింది ఫిబ్రవరిలో కాబట్టి 1078. జనవరి నుంచి చైత్రం లోపు తిథులకు 79 కలపాలి.

మన పిల్లలకు ఇంకో లెక్క కూడా కావాలి. ఒడియా పంచాంగాల్లో గజపతి రాజుల అంకం, అంటే రాజు ఏలుబడి ఏళ్ల లెక్క ఉంటుంది. అందులో 1 లేదు, 6 లేదు. ఆపైన 6తో ముగిసే అంకెలూ, 10 తప్ప సున్నాతో ముగిసేవీ లెక్కలోకి రావు. 1866 నాటి మహా కరువును ఒడియావాళ్లు నఅంక కరువు అంటారు. అంటే తొమ్మిదో అంకం, నిజానికి ఆనాటి గజపతి రాజు ఏలుబడిలో ఏడో ఏడు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వేళ్ల మీద లెక్కపెట్టించండి, పిల్లలకు వెంటనే పడుతుంది.

జౌగడ

శీతాకాలంలో పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడకు పిల్లల్ని తీసుకెళ్లాం. అశోకుడి శాసనం చూడటానికి వెళ్లేముందు అది చెక్కిన బ్రాహ్మీ అక్షరాలు ఇంటి దగ్గరే నేర్చుకోవాలి, అక్కడ నిలబడి నేర్చుకునేంత తీరిక ఉండదు. క కూడిక గుర్తు. గ రెండు ఏటవాలు గీతలు పైన కలిసినట్టు. ఠ సున్నా. న అడ్డగీత మీద నిలువుగీత. ఈ నాలుగూ, ఇంకో పది అక్షరాలూ వస్తే చాలు. ఇక్కడి ప్రాకృతంలో ర బదులు ల వస్తుంది. రాజా అనే మాట కోసం వెతికితే దొరకదు, లాజా అని వెతకాలి. ఇది రక్షిత స్థలం. రాతిని తాకడం, సుద్దతో రుద్దడం, కాగితం పెట్టి అచ్చు తీయడం కుదరదని పిల్లలకు బయలుదేరే ముందే చెప్పాలి.

కళింగ యుద్ధం గురించి చదివి వచ్చిన పిల్లలు లక్ష మంది చనిపోయారు, లక్షన్నర మందిని తరలించారు అన్న మాటలు ఇక్కడ ఉంటాయనుకుంటారు. ఉండవు. అవి అశోకుడు చాలాచోట్ల చెక్కించిన పద్నాలుగు శాసనాల వరసలో 13వదానిలోవి. యుద్ధం జరిగిన కళింగంలోనే, జౌగడలోనూ భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ, 11, 12, 13 శాసనాలు చెక్కలేదు. వాటి స్థానంలో విడిగా రెండు శాసనాలు పెట్టారు. జౌగడలోవి సమాపా అనే ఆనాటి పట్టణపు అధికారులను ఉద్దేశించినవి, మనుషులంతా నా పిల్లలే అన్న మాట వాటిలోనే ఉంది. 13వ శాసనం చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్లాలి. ఎందుకు ఇక్కడ చెక్కించలేదు అన్న ప్రశ్నకు జవాబు పిల్లలకు అందించవద్దని పెద్దలందరికీ ముందే చెప్పాం. గెలిచిన రాజు ఓడినవాళ్లకు ఏం చెప్పాలనుకుంటాడు, ఏం చెప్పకూడదనుకుంటాడు అన్న ఆలోచన వాళ్లంతట వాళ్లకే రావాలి.

1936

ఒడిశా రాష్ట్రం ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 గురించి మన ఇళ్లలో ఒక మాట, ఇరుగుపొరుగు ఇళ్లలో మరో మాట వినబడుతుంది. పదమూడేళ్లు దాటినవాళ్లకు రెండు వైపుల రచనలూ చదివించి, విడివిడిగా తిరిగి చెప్పించాం. ఒడియా మాట్లాడే ప్రాంతాలను ఒకటి చేయాలని 1903లో మధుసూదన్ దాస్ మొదలుపెట్టిన ఉత్కళ సమ్మేళనం నుంచి, పర్లాకిమిడి జమీ చీలి పట్టణం ఒడిశా వైపు, ఎక్కువ భాగం మద్రాసు వైపు ఉండిపోవడం దాకా. ఒక వైపు కథ చెప్పేటప్పుడు రెండో వైపు వాదన కలపకూడదు. ముందు దేనికది పూర్తిగా చెప్పగలగాలి. పోల్చడం మరో వారం.

పరీక్షలు

విద్యాహక్కు చట్టం (2009) ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పదో తరగతి స్థాయి పరీక్ష జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా రాయవచ్చు, పద్నాలుగేళ్లు నిండాలి, తెలుగులోనూ ఒడియాలోనూ రాసే వీలుంది. పరీక్ష ఏడాదిలో మాత్రం ఆ సంస్థ పుస్తకాన్ని వరసగా చదివించి, చిన్న జవాబులు రాయించాలి. ఏళ్ల తరబడి తిరిగి చెప్పడం అలవాటైన పిల్లలకు విషయం కొరత ఉండదు, కుదించి రాయడమే రాదు. ఆ సాధనకు ఆరు నెలలు కేటాయించండి.

వచ్చే ఏడాది

శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం, సాలిహుండం చూడాలని అనుకుంటున్నాం. మీ ఇళ్లలో పాత ఒడియా, తెలుగు పంచాంగాలు, 1936కు ముందు నాటి భూమి కాగితాలు, ఉత్తరాలు ఉంటే చూపించడానికి ఇవ్వండి. ఫొటో తీసుకుని అదే రోజు తిరిగిస్తాం. పెట్టెలోంచి తీసుకెళ్లిన పుస్తకాలు ఉగాదిలోగా అందజేయాలి, ముఖ్యంగా కాశీయాత్ర చరిత్ర ప్రతులు, వాటి కోసం పర్లాకిమిడి కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. పెన్సిలు గీతలు చెరపవద్దు, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.